పొరుగింటి పుల్లకూర: కెమెరా కంపెనీ మార్చడం ఎప్పుడు, మానడం ఎప్పుడు?

పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్లు వూరికే అనలేదు. ఆ సామెత ఎంత నిజమో తెలుసుకోవాలంటే ఫోటోలు తీసేవాళ్ల మధ్య వొక సాయంత్రం కూర్చుంటే చాలు. నిన్నటిదాకా తన చేతిలో కెమెరాని పసిపిల్లలా చూసుకున్న మనిషి, పోటీ కంపెనీ వాడు కొత్తది విడుదల చేశాడని తెలియగానే దాన్ని సవతి బిడ్డలా చూడటం మొదలుపెడతాడు. "మనదాంట్లో అది లేదోయ్, వాళ్లదాంట్లో వుంది" అంటాడు. ఆ "అది" ఏమిటో, అది లేకపోవడం వల్ల యిన్నాళ్లూ తనకు ఏం తక్కువైందో అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు.

సంఘం వుత్సవాలకు ఫోటోలు తీస్తూ తిరుగుతాను గనకనూ, చదివేది భౌతికశాస్త్రం గనకనూ, "కంపెనీ మార్చమంటావా?" అన్న ప్రశ్న నా దగ్గరికి తరచు వస్తుంది. హాస్టల్లో అడిగేవాళ్లకు అది సరదా ప్రశ్న. మా చిన్నమావయ్యకు మాత్రం కాదు. ఆయనకు గోదావరి ప్రాంతంలో వొక చిన్న పట్నంలో పెళ్లిళ్ల స్టూడియో వుంది. కిందటేడు ఆయన యిదే ప్రశ్న వేసినప్పుడు దాని వెనక మా అత్తయ్య చేతి గాజులు కూడా వున్నాయి. ఆయన సంగతి తరవాత చెబుతాను. ముందు అసలు యీ మార్చడమన్నది దేన్ని మార్చడమో కాస్త వివరంగా చూద్దాం.

కెమెరా అనగానే మన కళ్లముందు నిలిచేది నల్లటి పెట్టె, అంటే బాడీ. అంగట్లో అద్దాల బీరువాలో మెరిసేదీ, ప్రకటనల్లో కనిపించేదీ అదే. కాని లెన్సులు మార్చుకునే కెమెరాల విషయంలో బాడీ అద్దెకు దిగిన మనిషి లాంటిది. నాలుగైదేళ్లుండి వెళ్లిపోతుంది. లెన్సు సొంత యిల్లు లాంటిది. జాగ్రత్తగా చూసుకుంటే పదిహేనేళ్లు, యిరవయ్యేళ్లు కూడా పనిచేస్తుంది. ఈ రెంటినీ కలిపేచోట వుండే లోహపు వలయాన్ని మౌంటు అంటారు. ఒక్కొక్క కంపెనీ మౌంటు ఒక్కొక్క తీరు. నికాన్ లెన్సు కానన్ బాడీకి నేరుగా పట్టదు, కానన్ లెన్సు సోనీకి పట్టదు. అంచేత కంపెనీ మార్చడమంటే మౌంటు మార్చడం. అంటే లెన్సులు, వాటితోపాటు ఫ్లాషులు, బ్యాటరీలు, ఛార్జర్లు, చివరికి వేళ్ల అలవాట్లు కూడా మార్చుకోవడం. బీరువాలో మెరిసే పెట్టె ధర యీ మొత్తంలో సగం కూడా వుండకపోవచ్చు.

"ఆ వలయంలో అంత బ్రహ్మరహస్యం ఏముంది? మధ్యలో అడాప్టరు పెట్టుకుంటే పోదా?" అని మీరు అడగవచ్చు. పెట్టుకోవచ్చు. కాని ఆ దారి వొకవైపే నడుస్తుంది. దానికి కారణం భౌతికశాస్త్రం మొదటి సంవత్సరం పాఠమే. లెన్సు తన వెనక వొక నిర్ణీత దూరంలో బొమ్మ కట్టేలా తయారవుతుంది. మౌంటు ముఖం నుంచి ఫిల్ము లేదా సెన్సరు దాకా వుండే ఆ దూరం నికాన్ వారి పాత ఎఫ్ మౌంటులో 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఇఎఫ్ మౌంటులో 44. అంత జాగా ఎందుకంటే, ఆ కెమెరాల్లో లెన్సుకీ సెన్సరుకీ మధ్య వొక అద్దం పైకీ కిందికీ ఆడాలి. అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాలకు ఆ జాగా అక్కర్లేదు. అందుకే సోనీ ఇ మౌంటులో ఆ దూరం 18, నికాన్ జెడ్ మౌంటులో 16, కానన్ ఆర్ఎఫ్ మౌంటులో 20 మిల్లీమీటర్లే.

ఇక లెక్క చిన్నపిల్లలు కూడా వేయగలరు. 46.5 కోసం చేసిన లెన్సుని 16 వున్న బాడీకి తగిలించాలంటే మధ్యలో 30.5 మిల్లీమీటర్ల గొట్టం పెడితే సరి. మరి 16 కోసం చేసిన లెన్సుని 46.5 వున్న బాడీకి తగిలించాలంటే? బాడీని 30.5 మిల్లీమీటర్లు లోపలికి చెక్కాలి! కనక పాత లెన్సు కొత్త బాడీ మీదికి వెళ్తుంది గాని, కొత్త లెన్సు పాత బాడీ మీదికి రాదు.

పైగా గొట్టం దూరాన్ని సరిచేస్తుంది గాని మాటల్ని సరిచేయదు. ఈ కాలపు లెన్సులో వొక చిన్న మోటారు, వొక చిన్న కంప్యూటరు వుంటాయి. "రెండు మీటర్లకు తిరుగు" అని బాడీ అంటే లెన్సు ఠక్కున తిరగాలి. ఆ భాష కంపెనీ కంపెనీకీ వేరు. మధ్యలో దుబాసీ పని చేసే అడాప్టర్లున్నాయి. కొన్ని బాగానే చేస్తాయి. కొన్ని తీరా తలంబ్రాల వేళకు నత్తి పడతాయి.

ఇక పోటీ కంపెనీ వార్తల సంగతి. నా దృష్టిలో యివి రెండు జాతులు. ఏది ఏ జాతిదో పోల్చుకోగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది.

మొదటి జాతి వార్త ఏమిటంటే, వున్న దారిలోనే పోటీవాడు రెండడుగులు ముందుకు వేయడం. 2002లో కానన్ వాళ్లు 1డీఎస్ అనే కెమెరా తెచ్చారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము అంత సెన్సరు, 11 మెగాపిక్సెళ్లు. నికాన్ వాడేవాళ్లు ఏడ్చుకున్నారు. 2007లో నికాన్ డి3 వచ్చింది. చీకట్లో ఫోటో తీయడంలో అది చేసిన పని చూసి యీసారి కానన్ వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మరుసటేడు, 2008లో, కానన్ 5డీ మార్క్ 2 పూర్తి హెచ్‌డి వీడియోతో వచ్చి ఫోటోగ్రాఫర్లను సినిమావాళ్లను చేసేసింది. 2012లో నికాన్ డి800 పేరుతో 36 మెగాపిక్సెళ్లు యిస్తే, 2015లో కానన్ 5డీఎస్ 50 యిచ్చింది. ఇట్లా ఆ గట్టునుంచి యీ గట్టుకు, యీ గట్టునుంచి ఆ గట్టుకు ప్రతిసారీ దూకినవాడొకడు వున్నాడనుకుందాం. పదమూడేళ్లలో నాలుగుసార్లు పాతది వచ్చిన ధరకు అమ్ముకొని, నాలుగుసార్లు కొత్తది నిండు ధర పెట్టి కొని వుంటాడు. దూకకుండా కూర్చున్నవాడికి కూడా అవన్నీ చేతికి వచ్చాయి, కాస్త ఆలస్యంగా. అయితే 2002 నుంచి 2007 దాకా ఐదేళ్లు ఓపిక పట్టడం అందరివల్లా అయ్యే పని కాదు సుమా! పత్రికలకు ఆటల ఫోటోలు తీసి పొట్టపోసుకునేవాడికి ఐదేళ్లంటే వొక జీవితం. అందుకే "ఎప్పుడూ మారొద్దు" అన్న సూత్రాన్ని కూడా నేను నమ్మను.

రెండో జాతి వార్త వేరు. అక్కడ దారే మారిపోతుంది. 1985లో మినోల్టా 7000 వచ్చినప్పుడు అలాగే జరిగింది. ఫోకస్ చేసే యంత్రాంగాన్ని బాడీలోనే అమర్చి, లెన్సులు మార్చుకునే కెమెరాల్లో జనం నిజంగా కొనుక్కొని వాడుకోగలిగిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. దానికోసం మినోల్టా తన పాత మౌంటుని పక్కనపెట్టి కొత్తది తెచ్చింది. పోటీ కంపెనీలన్నీ వులిక్కిపడ్డాయి. అవి యిచ్చిన జవాబుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్న మొత్తం అందులోనే వుంది.

నికాన్ 1959 నుంచీ వున్న తన ఎఫ్ మౌంటుని వదల్లేదు. 1986లో ఎఫ్-501 అనే ఆటోఫోకస్ కెమెరాని అదే మౌంటుతో తెచ్చింది. మోటారు బాడీలో పెట్టి, మౌంటులోంచి వొక చిన్న స్క్రూ మొన బయటికి తెచ్చి, దానితో లెన్సుని తిప్పించింది. పాత లెన్సులున్న వాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు. కానన్ అట్లా కాదు. 1987లో ఇఓఎస్ 650తో బాటు ఇఎఫ్ అనే సరికొత్త మౌంటు తెచ్చి, 1971 నుంచీ నడుస్తున్న తన ఎఫ్‌డి మౌంటుకి తిలోదకాలిచ్చింది. ఎఫ్‌డిలో ఆ వెనక దూరం 42 మిల్లీమీటర్లు, ఇఎఫ్‌లో 44. తేడా రెండు మిల్లీమీటర్లే! కాని అది తప్పు దిక్కున వున్న రెండు మిల్లీమీటర్లు. మామూలు వలయంతో పాత లెన్సుని కొత్త బాడీకి తగిలిస్తే దగ్గరి వస్తువులే స్పష్టంగా పడతాయి, దూరాన వున్న కొండ ఎప్పటికీ స్పష్టం కాదు. కొన్ని పెద్ద టెలిఫోటో లెన్సుల కోసం లోపల గాజు వున్న కన్వర్టరొకటి చేశారు గాని మామూలు వాళ్లకు దాని వల్ల వొరిగిందేమీ లేదు. పదిహేనేళ్లపాటు కూడబెట్టుకున్న లెన్సులు వొక్క వార్తతో బీరువాలో బొమ్మలైపోయాయి. వాళ్లేమీ కంపెనీ మారలేదు. కంపెనీయే వాళ్లని వదిలి వెళ్లిపోయింది.

ఆనాడు నికాన్‌ది దయ, కానన్‌ది క్రౌర్యం అనిపించడం సహజం. కథ అక్కడితో ఆగలేదు. కానన్ కొత్త మౌంటులో లోహపు మీటలూ స్క్రూలూ ఏమీ పెట్టలేదు, విద్యుత్ తంతువుల మాటలే. ప్రతి ఆటోఫోకస్ లెన్సులోనూ దాని మోటారు దానికే వుంది. నికాన్ కూడా తరవాత లెన్సుల్లో మోటార్లు పెట్టింది గాని, స్క్రూతో తిరిగే లెన్సులు అప్పటికే లక్షల యిళ్లలో వున్నాయి. 2006లో డి40తో మొదలై నికాన్ చిన్న బాడీల్లో మోటారు తీసేశారు. లెన్సు తగులుతుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. 2018లో రెండు కంపెనీలూ మిర్రర్‌లెస్‌కి మారి, రెండూ తమ పాత లెన్సులకు అడాప్టర్లు యిచ్చినప్పుడు, 1987 నాటి కానన్ ఇఎఫ్ లెన్సు కూడా కొత్త బాడీ మీద ఆటోఫోకస్ చేసింది. నికాన్ యిచ్చిన అడాప్టరులో మోటారు లేదు గనక ఆ స్క్రూ లెన్సులు అక్కడ మూగబోయాయి. ముప్ఫయ్యొక్క ఏళ్ల తరవాత తేలిన లెక్క యిది! పైగా వెనక దూరం 16కీ 20కీ తగ్గిపోయింది గనక, ఆనాడు బొమ్మలైపోయిన ఎఫ్‌డి లెన్సులు కూడా యీనాడు చవక వలయంతో ఏ మిర్రర్‌లెస్ మీదనైనా చక్కగా పనిచేస్తున్నాయి, ఫోకస్ చేత్తో తిప్పుకునే ఓపికుంటే. అందరికంటే ముందు పరుగెత్తిన మినోల్టా ఏమైందంటారా? 2003లో కోనికాతో కలిసింది, 2006లో కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఆ మౌంటు సోనీ చేతికి వెళ్లింది. 2016 తరవాత అందులో కొత్త బాడీ రాలేదు.

ఇంత కథ చెప్పడానికి కారణం వుంది. దారి మారిన రోజుల్లో సొంత కంపెనీలో వుండిపోవడం కూడా మారడమే. 2013లో సోనీ ఫిల్మంత సెన్సరున్న ఏ7 మిర్రర్‌లెస్‌ని తెచ్చినప్పుడు నికాన్, కానన్ వాళ్లు చాలామంది "మా కంపెనీ వదలం" అని భీష్మించుకున్నారు. ఐదేళ్లు తిరిగేసరికి వాళ్ల కంపెనీలే కొత్త మౌంటుకి వెళ్లిపోయాయి. అప్పుడు వాళ్లు కొనవలసినవి ఎలాగూ కొత్త లెన్సులే. అట్లాంటి మలుపులో పాత కంపెనీకి అదనంగా వేయవలసిన మార్కు వొక్కటే: నా దగ్గరున్న లెన్సులు దాని అడాప్టరు మీద ఎంత బాగా పనిచేస్తాయి? దానికి జవాబు "బాగా" అయితే వుండిపోవడంలో లాభముంది. కాకపోతే ఆ కంపెనీ మీకు పరాయిదే.

ఇప్పుడు మావయ్య దగ్గరికి వస్తాను. ఆయనది ఏ కంపెనీయో, ఎదుటివాళ్లది ఏ కంపెనీయో చెప్పను. చెబితే వ్యాసం చదవడం మానేసి మీరు పక్షాలు కట్టుకుంటారు. మావయ్యకు అద్దమున్న బాడీలు రెండు, లెన్సులు నాలుగు, ఫ్లాషులు మూడు వున్నాయి. ఎనిమిదేళ్లలో వొక్కొక్కటిగా కొన్నవి. అన్నిటికీ కలిపి ఆయన పెట్టింది 6 లక్షల 40 వేలు. కిందటేడు రోడ్డుకి అవతలివైపు కొత్త స్టూడియో వెలిసింది. ఆ కుర్రవాడు పోటీ కంపెనీ మిర్రర్‌లెస్ కొని, దాని బొమ్మతోనే ఆరడుగుల ఫ్లెక్సీ కట్టాడు. తన బొమ్మ మూలకు చిన్నగా వేసుకున్నాడు, కెమెరా బొమ్మ నిలువెత్తున వేశాడు! పెద్దమ్మాయి పెళ్లికి మావయ్యనే పిలిచిన కుటుంబం చిన్నమ్మాయి పెళ్లి మాట్లాడటానికి వచ్చి, "మీ దగ్గర ఆ కొత్త కెమెరా వుందాండీ?" అని అడిగి, ఆలోచించుకుని చెబుతామని వెళ్లిపోయారు. ఆ రాత్రే నాకు ఫోను. "అల్లుడూ, మొత్తం అమ్మేసి అటు మారిపోదామంటావా? మీ అత్తయ్య గాజులు పెడదామంటోంది."

నేను ఆయన సామాను జాబితా పట్టుకొని కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. నాలుగు అంగళ్లు తిరిగితే అన్నిటికంటే మంచి బేరం 2 లక్షల 35 వేలు. అవతలి కంపెనీలో అదే పని చేసే సామాను కొత్తగా కొనాలంటే 7 లక్షల 80 వేలు. తేడా 5 లక్షల 45 వేలు. నూటికి సాలుకు 12 వడ్డీతో మూడేళ్ల అప్పు అనుకుంటే నెలకు 18 వేల 100 వాయిదా, మొత్తంమీద వడ్డీయే లక్షా ఆరు వేలు దాటుతుంది. పెళ్లిళ్ల వ్యాపారంలో యింకో చిక్కుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలుండవు. అప్పిచ్చినవాడికి ఆషాఢమూ లేదు, మూఢమూ లేదు.

"ఇదంతా పెడితే మనకు వచ్చేదేమిటి?" అన్నది మిగిలిన ప్రశ్న. దీనికి మాటల్లో జవాబు వెతకడం దండగ. మావయ్య హార్డ్ డిస్కుల్లో ఆ ఏడాది తీసిన పదకొండు పెళ్లిళ్లు వున్నాయి. ఫోటో ఫైలులోనే అది ఏ లెన్సుతో, ఎంత అపర్చరుతో, ఎంత వేగంతో తీసిందో రాసి వుంటుంది. దసరా సెలవుల్లో నాలుగు రాత్రులు కూర్చొని, ఆయన పనికిరావని పక్కన పడేసిన ఫోటోలు మాత్రమే చూశాను. బాగా వచ్చిన ఫోటోలు చూస్తే కెమెరా గురించి ఏమీ తెలియదు. చెడిపోయినవాటిలోనే దాని జాతకం వుంటుంది.

చెడినవాటిలో ఎక్కువభాగం కళ్లు మూసుకున్నవీ, పురోహితుడి చెయ్యో, వీడియో అతని వీపో, చుట్టాల సెల్ ఫోన్లో అడ్డం వచ్చినవీ. వాటిని ఏ కంపెనీ బాగుచేయలేదు. ఫోకస్ తప్పినవి దాదాపు వొకేచోట కుప్పపడ్డాయి: మేనమామలు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చే ఘట్టం. అక్కడ వెలుతురు తక్కువ, బుట్ట వూగుతూ వస్తుంది, మావయ్య 85 మిల్లీమీటర్ల లెన్సు 1.8 దగ్గర పూర్తిగా తెరిచి తీస్తాడు. రెండున్నర మీటర్ల దూరంలో ఆ అమరికకు స్పష్టంగా పడే లోతు సుమారు 9 సెంటీమీటర్లు. అమ్మాయి ముక్కుపుడక నుంచి చెవి జూకా దాకా కూడా చాలదు. కళ్లను వెతికి పట్టుకొని వెంట నడిచే కొత్త ఆటోఫోకస్ యిక్కడ నిజంగా పనికొస్తుంది, కాదనను. అదే సమయంలో అపర్చరుని 2.8కి మూస్తే లోతు 14 సెంటీమీటర్లు దాటుతుంది. దానికి కట్టవలసిన మూల్యం, ఐఎస్ఓని సుమారు రెండున్నర రెట్లు పెంచుకోవడం. వచ్చే నాలుగు పెళ్లిళ్లలో అట్లా తీసి చూడమన్నాను. పైసా ఖర్చు లేదు గదా. చెడిపోయినవి సగానికి తగ్గాయి.

ఫ్లెక్సీ మీద ఎర్రక్షరాలతో వేసిన గొప్పలు యింకో రెండున్నాయి. చప్పుడు లేని షట్టరు, సెకనుకు యిరవై ఫోటోలు. సోనీ 2017లో ఏ9తో తెచ్చినప్పటి నుంచీ యిది అందరి నోళ్లలో నానుతోంది. ఆటల మైదానంలో, అడవిలో పక్షుల దగ్గర నిజంగా గొప్పదే. మన పెళ్లిలో గట్టిమేళం మోగుతుంటే షట్టరు చప్పుడు ఎవరికి వినబడుతుందండీ! పైగా మామూలు సెన్సరున్న కెమెరాలో చప్పుడు లేని షట్టరు ఫోటోని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. మన కరెంటు 50 సైకిళ్లది గనక దీపాలు చాలావరకు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, కొన్ని ఎల్ఈడీ తెరలు యింకా వేగంగా. కంటికి కనబడని ఆ మిణుకు ఫోటోలో అడ్డచారలై పడుతుంది. ఈ కాలం కళ్యాణ మండపాల్లో వెనక ఎల్ఈడీ గోడ లేనిదెక్కడ? ఆ కొత్త గొప్పని వాడుకోవాలంటే ముందు మండపం మార్చాలి.

అయితే వొకచోట మావయ్య నిజంగా నష్టపోతున్నాడు. వీడియో. అద్దం పైకెత్తి వీడియో తీసేటప్పుడు ఆ పాత బాడీల్లో ఫోకస్ ముందుకీ వెనక్కీ వూగుతూ వెతుక్కుంటుంది. ఆ ఏడాది చేజారిన రెండు బేరాలూ వీడియో చూసి పోయినవే. ఇక ఆ ఫ్లెక్సీ వల్ల పోయే బేరం మాట. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. జనం కెమెరా పేరడిగి వస్తున్నప్పుడు అది కూడా నష్టమే. కాని అది ప్రచారం పద్దులో రాసుకోవలసిన నష్టం. దానికి ఐదున్నర లక్షల మందు వేయాలా, మన బాగా వచ్చిన నలభై ఫోటోలతో మనమూ వొక ఫ్లెక్సీ కట్టాలా అన్నది వేరే లెక్క.

మాఘమాసంలో రెండు పెళ్లిళ్లకు పోటీ కంపెనీ బాడీనీ వొక లెన్సునీ విజయవాడ నుంచి అద్దెకు తెప్పించాం. అద్దెకు తెచ్చి చూడటమంత చవకైన చదువు యింకోటి లేదు. కళ్లు పట్టే ఆటోఫోకస్ చూసి మావయ్య చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు. వీడియో అద్భుతం. రెండో విషయం చేతులు చెప్పాయి. ముందునుంచి చూస్తే నికాన్ లెన్సుని గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిప్పి బిగించాలి, కానన్, సోనీ లెన్సుల్ని ముల్లు తిరిగే దిక్కుకే. ఇరవయ్యేళ్లుగా వొకవైపుకి అలవాటుపడ్డ మణికట్టు ముహూర్తం దగ్గరపడే కొద్దీ పాతవైపుకే తిరుగుతుంది. మూడోది ఆల్బం దగ్గర తేలింది. ఒకే పెళ్లిలో రెండు కంపెనీల కెమెరాలు వాడితే వొక పేజీలో పసుపు బట్టలు నిమ్మపండులా, పక్క పేజీలో మామిడిపండులా వచ్చాయి. కంప్యూటరులో సరిచేయవచ్చు. సరిచేసే కుర్రవాడికి రెండు రాత్రులు పట్టింది.

చివరికి మావయ్య నాలుగు లెన్సుల్నీ వొక్కొక్కటే చూశాం. నాలుగింటిలోనూ మోటార్లున్నాయి. అంటే సొంత కంపెనీ మిర్రర్‌లెస్ బాడీ మీద, వాళ్ల అడాప్టరుతోనే, ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. కళ్లు పట్టే ఆటోఫోకస్ అందులోనూ వుంది, వీడియో బాగుంది. పోటీవాడి దానికంటే రెండడుగులు వెనకే, ఒప్పుకుంటాను. ఒక బాడీ, వొక అడాప్టరు కలిపి 1 లక్షా 90 వేలు. పాత బాడీల్లో వొకదాన్నీ, పదకొండు పెళ్లిళ్లలో పట్టుమని పాతిక ఫోటోలు కూడా తీయని పొడుగు జూమ్ లెన్సునీ అమ్మితే 71 వేలు వచ్చాయి. మిగిలింది ఆ సీజను బయానాలతోనే సరిపోయింది. గాజులు అత్తయ్య చేతికే వున్నాయి. వదిలి వెళ్లిన ఆ కుటుంబం మాత్రం చిన్నమ్మాయి పెళ్లికి ఎదుటి స్టూడియోనే పెట్టుకుంది.

అంతమాత్రాన ఎదుటి కుర్రవాడు తెలివితక్కువగా కొన్నాడని మీరు అనుకోవద్దు. అతనికి పాత లెన్సులే లేవు. ఎటు వెళ్లినా మొదటి అడుగే గనక యివాళ ఎవరిది బాగుంటే వాళ్ల దగ్గర కొనడమే న్యాయం. మన కళాశాలలో కెమెరా వున్న చాలామందిది కూడా అతని పరిస్థితే. బాడీతో వచ్చిన చిన్న జూమ్ లెన్సు తప్ప యింకేమీ లేనివాళ్లు మావయ్యలాగా లెక్కలు కట్టుకొని కూర్చోనక్కర్లేదు. వాళ్లు చూసుకోవలసింది యివాళ్టి బాడీని కాదు, రేపు కొనబోయే మూడో లెన్సు ధరని. సోనీ 2011లోనే తన ఇ మౌంటు వివరాలు బయటి కంపెనీలకు యిచ్చింది గనక, సిగ్మా, టామ్రాన్ వంటివాళ్ల చవక లెన్సులు అందులో కుప్పలుగా వచ్చాయి. కానన్ తన ఆర్ఎఫ్ తలుపు చాలాకాలం మూసే వుంచి, 2024లో చిన్న సెన్సరు కెమెరాల లెన్సులతో కొద్దిగా తెరిచింది. జేబులో డబ్బు తక్కువున్నవాడికి యీ తేడా మెగాపిక్సెళ్ల తేడా కంటే పెద్దది.

అమ్మదలచుకున్నవాళ్లకు వొక మాట. బాడీ ధర తరవాతి మోడలు వచ్చిన రోజే పడిపోతుంది, కాబట్టి అమ్మాలనుకుంటే పుకార్లు నడుస్తున్నప్పుడే అమ్మాలి. లెన్సుకు అంత తొందర లేదు గాని, దానికి వేరే శత్రువు వుంది. బూజు. మన కోస్తా గాలిలో నాలుగు వానాకాలాలు సంచీలోనే మగ్గిన లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు పుడతాయి. కోఠీ అంగడివాడు చేసే మొదటి పని లెన్సుని ట్యూబులైటు వైపు ఎత్తి, వొక కన్ను మూసి, వెనకనుంచి చూడటం. మావయ్య పొడుగు జూమ్‌లో అంచున వొక్క పోగు కనబడింది. ఆ వొక్క పోగుకి ఆరు వేలు తగ్గించాడు. ఇప్పుడు మిగిలిన మూడు లెన్సులూ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య, తేమ చూపించే చిన్న మీటరు పక్కన వున్నాయి. ఆ డబ్బా మొన్నటిదాకా వంటింట్లో అప్పడాలది. అత్తయ్య యింకా అడుగుతూనే వుంది.